ఆవుల బీడులో పాటకచేరి

మీకు బాగా ఇష్టమైన పాటగాళ్ళు వస్తున్నారంటే ఏం చేస్తారు? ఎన్ని రోజులున్నాయో వేళ్ళు మడిచి లెక్క పెడతారు, అవునా? ఇంగ్లండులో లక్షలమంది ఇలా ఎదురుచూసే ఉత్సవం ఒకటి ఉన్నది. అది ఏ సంగీతశాలలోనూ జరగదు. సోమర్సెట్ ప్రాంతంలో పిల్టన్ అనే పల్లె దగ్గర, ఆవులు మేసే బీళ్ళలో జరుగుతుంది. దాని పేరు గ్లాస్టన్‌బరీ ఉత్సవం.

ఆ పొలాన్ని వర్తీ ఫారం అంటారు. 1954లో తండ్రి పోవటంతో మైకేల్ ఈవిస్ అనే కుర్రవాడికి 19వ ఏటనే ఆ పొలమూ, పాడి ఆవులూ సంక్రమించాయి. 1970లో ఆయన దగ్గరలో జరిగిన పెద్ద సంగీతోత్సవం చూసి ముచ్చటపడి, తన పొలంలోనూ అలాంటిది జరపాలనుకున్నాడు. ఆ సెప్టెంబరు 19న జరిపాడు కూడా. టిక్కెట్టు ఒక్క పౌను. టిక్కెట్టు కొన్నవారికి ఆ పొలంలో పితికిన పాలు ఉచితం! సుమారు 1,500 మంది వచ్చారు.

ఆనాడు ముఖ్యంగా పాడవలసింది "కింక్స్" అనే బృందం. తీరా వాళ్ళు రామన్నారు. వాళ్ళకు బదులు మార్క్ బోలన్ అనే గాయకుడి బృందం వచ్చి పాడింది. ఆ బృందం పేరు ఏమిటో తెలుసా? టిరనోసారస్ రెక్స్! అనుకున్నవాళ్ళు రాకపోయినా ఉత్సవం ఆగలేదు.

1971లో అక్కడ మొదటిసారి పిరమిడ్ ఆకారంలో వేదిక కట్టారు. 1981లో కట్టిన పిరమిడ్ మరీ తమాషా అయినది. వేసవిలో అది పాటల వేదిక. చలికాలంలో ఆవుల కొట్టమూ, గడ్డి కొట్టూను. 1994లో ఉత్సవానికి కొద్ది రోజుల ముందు అది కాలిపోయింది. 2000లో కొత్త పిరమిడ్ లేచింది.

ఇంత పెద్ద బయలులో వెనక ఉన్నవారికి పాట ఎలా వినిపిస్తుంది? ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే వేదికకు 340 మీటర్ల దూరాన నిలబడినవాడికి, తెర మీద గాయకుడి పెదవులు కదిలిన సెకను తరవాతగాని పాట వినపడదు. పైగా దూరం పోయినకొద్దీ ధ్వని సన్నగిలుతుంది. అందుకని మైదానం మధ్య స్తంభాలు నిలిపి లౌడ్‌స్పీకర్లు పెడతారు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. తీగలో విద్యుత్తు రెప్పపాటుకన్న ముందే స్తంభాన్ని చేరుతుంది. వేదిక దగ్గరి ధ్వని మాత్రం 170 మీటర్లు రావటానికి అర సెకను పడుతుంది. స్తంభం వెంటనే పలికితే, దాని దగ్గర నిలబడినవారికి ప్రతి మాటా రెండుసార్లు వినిపించి, పాటంతా గందరగోళమవుతుంది. అందుచేత ఒక యంత్రం ఆ స్తంభాన్ని అర సెకను ఆపి పలికిస్తుంది. రెండు ధ్వనులూ కలిసి ఒక్కటిగా వినిపిస్తాయి. చూశారా, అక్కడ జనమే కాదు, లౌడ్‌స్పీకర్లు కూడా ఎదురుచూడవలసిందే!

చల్లగాలిలో ధ్వని కాస్త నెమ్మదిగా పోతుంది. కనక మధ్యాహ్నానికి సరిపోయిన లెక్క రాత్రికి కొంచెం తప్పుతుంది.

మీరెప్పుడైనా ఇలాంటి ఉత్సవానికి వెళితే ఒక సంగతి మరవకండి. చెవి లోపల ధ్వనిని పట్టే సన్నని కేశకణాలు ఉంటాయి. పెద్ద మోతకు అవి చనిపోతే మనుషుల్లో మళ్ళీ పుట్టవు. అందుకే లౌడ్‌స్పీకర్లకు దూరంగా నిలబడాలి, చెవులకు బిరడాలు పెట్టుకోవాలి. చంటిపిల్లల చెవులకు పెద్ద తొడుగులు వేస్తారు. ఇష్టమైన పాటను పెద్దయిన తరవాత కూడా వినాలి గదా!

ఈ ఉత్సవం ఏటా జరగదు. కొన్నేళ్ళకు ఒకసారి పొలానికి విశ్రాంతి ఇస్తారు. 2018లో అలాగే ఆపారు. 2026ను కూడా విశ్రాంతి సంవత్సరంగానే నిర్ణయించారు. లక్షల పాదాల కింద నలిగిన పచ్చిక మళ్ళీ ఎదగాలి, ఆవులు కడుపునిండా మేయాలి. అందాకా పాటలవాళ్ళూ, వినేవాళ్ళూ ఓపిక పట్టవలసిందే. ఆ బీడు ముందు ఆవులది, తరవాతనే పాటలది!