దిగులు కాదు, జబ్బు



రేషన్ కిట్లు పంచడానికి ఇల్లిల్లూ తిరిగేటప్పుడు మా కళ్ళు వెతికేది ఖాళీ డబ్బాలనే. ఒక రంజాన్‌లో, బట్టలు కుట్టి ఇల్లు నడిపే ఒక ఆపా ఇంటికి వెళ్ళాం. కిందటి నెల ఇచ్చిన బియ్యం సంచి కట్టు విప్పకుండా మూలనే ఉంది. మిషను మీద దుమ్ము. ఆపా చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. సలాముకు జవాబు వినపడీ వినపడనట్టు వచ్చింది. 'ఇక్కడ అవసరం లేదు' అని రాసుకుని వచ్చేశాం. అది మా పొరపాటు. ఆ ఇంట్లో ఉన్నది డిప్రెషన్. దాన్ని గుర్తుపట్టడం అప్పటికి మాకు రాదు.

వైద్యంతో కొంత తేరుకున్నాక ఆపాయే అంతా చెప్పారు. ఏడుపు వచ్చినా బాగుండేదట, అదీ రాలేదట. రాత్రి మూడింటికే మెలకువ వచ్చి ఫ్యాను చప్పుడు వింటూ పడుకునేవారు. ఫజర్ అజాన్ వినిపించేది, కానీ పక్క వీధిలో ఎవరినో పిలుస్తున్నట్టు ఉండేది. వజూకు లేవాలంటే కాళ్ళకు తడి ఇసుక మూటలు కట్టినట్టు బరువు. ఈద్ రోజు షీర్ ఖుర్మా నోట్లో పెట్టుకుంటే తీపే తెలియలేదు. సూదిలో దారం ఎక్కించబోయి, ఎందుకు కూర్చున్నారో మరిచిపోయేవారు. పాప వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తే బరువు తెలిసేది గాని వెచ్చదనం తెలిసేది కాదట.

ఇది అందరిలో ఒకేలా కనిపించదు. మగవాళ్ళలో చాలాసార్లు కోపంగా బయటపడుతుంది. గిన్నె చప్పుడైనా భరించలేరు, దుకాణం షట్టరు మధ్యాహ్నానికి గాని లేవదు. పెద్దవాళ్ళు మనసు సంగతి చెప్పరు. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, గుండె మీద బరువు అంటారు. కొందరు నలుగురిలో నవ్వుతూనే ఉంటారు.

అయినవాళ్ళు పోయినప్పుడు కలిగే దుఃఖం అలలా వచ్చి పోతుంది, మధ్యలో మనవడి మాటకు నవ్వూ వస్తుంది. డిప్రెషన్ అలా కాదు. దిగులు గాని, దేనిమీదా ఇష్టం లేకపోవడం గాని రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, 2 వారాలైనా వదలదు. నిద్ర, ఆకలి, పని చెడతాయి. అప్పుడు డాక్టరుకు చూపించాలి. 'నేను లేకపోతే అందరికీ హాయి' అన్న మాట వినిపిస్తే ఆ రోజే చూపించాలి. మనిషిని ఒంటరిగా వదలకూడదు.

నమాజు సరిగా చేస్తే ఇవన్నీ రావని కొందరు అంటారు. ఖదీజా (ర), అబూ తాలిబ్ కన్నుమూసిన ఏడాదిని దైవప్రవక్త (స) జీవితచరిత్రలో 'దుఃఖ సంవత్సరం' అంటారు. దుఃఖమే ఈమాన్ లోపం కానప్పుడు జబ్బు ఎలా లోపమవుతుంది? 934లో మరణించిన పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ, కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం కనబడని దుఃఖం వేరు అని రాశారు. రెండోదానికి మూలం శరీరంలో ఉంటుందన్నారు. సుల్తాన్ ఖలావూన్ 1284-85లో కైరోలో కట్టించిన ఆస్పత్రిలో మనోరోగులకూ చోటుండేది. అది నడిచింది వక్ఫ్ ఆదాయంతో, అంటే మీవంటి దాతల సొమ్ముతో.

దీనికి మందులున్నాయి, మాటలతో చేసే చికిత్సా ఉంది. మందుల గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానకూడదు. రంజాన్‌లో మాత్రల వేళ మార్చాలంటే డాక్టరునే అడగాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

లేవలేని మనిషి ఆస్పత్రికి ఒంటరిగా వెళ్ళలేరు. అందుకే మందుల ఖర్చుతో పాటు ఆటో ఛార్జీ, తోడు వెళ్ళే మనిషి, ఆ పూట పిల్లల్ని చూసుకునేవాళ్ళు కూడా కావాలి. మీ సదకా ఇప్పుడు వీటికీ వెళుతోంది. మా ఫారంలో మూడు ప్రశ్నలు చేర్చాం: నిద్ర పడుతోందా? తింటున్నారా? కిందటి నెల సంచి విప్పారా?

ఆపా పూర్తిగా కోలుకున్నారని చెప్పలేం. మందులు వాడుతున్నారు. కిందటి ఈద్‌కు పాపకు కొత్త గౌను ఆ మిషను మీదే కుట్టారు. అల్లాహ్ ఆమెకూ, మాటల్లో చెప్పుకోలేని వారందరికీ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.