ఇల్లొకటి... పేర్లు నాలుగు

గేటుకు ‘ఈ ఇల్లు అమ్మబడును’ అని బోర్డు తగిలించగానే ఫోన్లు మొదలవుతాయి. అవతలివాళ్లు మొదట ధర అడుగుతారు. తర్వాత ముఖం తూర్పా, ఉత్తరమా అని అడుగుతారు. ఈ రెంటికీ జవాబు నాలుక చివరే ఉంటుంది. మూడో ప్రశ్న దగ్గరే గొంతు తడబడుతుంది: ‘పేపర్లు క్లియరేనా అండీ?’

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో నలభై ఏళ్ల కిందట కట్టిన ఇంటిని ఊహించుకోండి. దస్తావేజు తాతగారి పేరున ఉంటుంది. ఇంటి పన్ను రసీదు నాన్న పేరున వస్తుంటుంది. కరెంటు మీటరు ఎప్పుడో పోయిన నానమ్మ పేరు మీదే ఉండిపోయి ఉంటుంది. ఇక ఇప్పుడు అమ్మాలనుకుంటున్న కొడుక్కి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, పాన్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. కాపురం ఉన్నన్నాళ్లూ ఈ తేడాలు ఎవరికీ అడ్డురావు. కొనేవారు బ్యాంకు రుణానికి వెళ్లిన రోజున లాయరు ఈ కాగితాలన్నీ పక్కపక్కన పరుస్తారు. బేరం అక్కడ ఆగుతుంది.

అమ్మేవారి బాధ్యతలేమిటో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే, 55వ సెక్షన్‌లో, వరసగా చెప్పింది. కొనేవారు మామూలుగా చూస్తే పసిగట్టలేని లోపం ఇంటిలో ఉన్నా, హక్కులో ఉన్నా అమ్మేవారు ముందే చెప్పాలి. తమ దగ్గరున్న దస్తావేజులను చూడటానికివ్వాలి. అమ్మకం తేదీ వరకు పన్నులు కట్టేయాలి. వేరే ఒప్పందం ఉంటే తప్ప ఇవన్నీ అమ్మేవారి నెత్తినే.

అటక మీది పెట్టె

మొదటి పని ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించడం. తెలుగు రాష్ట్రాల్లో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంతకు ముందువాటి కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఈసీలో కనిపించిన ప్రతి లావాదేవీకి లింకు డాక్యుమెంటు చేతిలో ఉందో లేదో సరిచూసుకోవాలి. ఏదైనా పోతే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ... ఈ వరసంతా నడవాలి. ఇంటి స్థలం రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలోకి ఎక్కలేదని కూడా చూసుకోవాలి. ఎక్కితే రిజిస్ట్రేషనే జరగదు.

ఎప్పుడో తీరిపోయిన ఇంటి లోను ఈసీలో ఇంకా బతికే ఉండటం మామూలే. బ్యాంకు తన తనఖాను రద్దు చేయించకపోతే అంతే. 2023 డిసెంబరు 1 నుంచి విడుదల కావలసిన పత్రాల విషయంలో రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. అప్పు తీరిన 30 రోజుల్లో బ్యాంకు అసలు పత్రాలు తిరిగివ్వాలి, తనఖా నమోదు తొలగించాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 పరిహారం చెల్లించాలి.

అక్కచెల్లెళ్ల సంతకం

‘ఆడపిల్లలకు పెళ్లప్పుడే ఇచ్చేశాంగా!’ అన్నమాట డాక్యుమెంటు రైటర్లు వినని రోజుండదు. వీలునామా రాయకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. పిత్రార్జితంలోనూ పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు కల్పిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వ హయాంలో సవరణ వచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

చాలామంది మరిచిపోయే వారసురాలు మరొకరున్నారు: చనిపోయిన వ్యక్తి తల్లి. కొడుకు పోయేనాటికి ఆమె బతికి ఉంటే ఆమెదీ ఒక వాటా. తర్వాత ఆమె కూడా వీలునామా లేకుండా పోతే, ఆ వాటాలో బాబాయిలకు, మేనత్తలకు భాగం వస్తుంది. అందుకే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకున్నాక వారసుల పట్టీ వేసుకుని, ఎవరు అమ్మకం దస్తావేజులో సంతకం చేస్తారో, ఎవరు ముందే హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేసిస్తారో తేల్చుకోవాలి. బయానా పుచ్చుకున్నాక మొదలెట్టే మంతనాల్లో ధర మారిపోయినట్టే, మనసులూ మారిపోతాయి.

డాలస్‌లో ఉన్న తమ్ముడు

వారసుల్లో ఒకరు అమెరికాలో ఉంటే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కావాలి. భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన ఆ పత్రం ఇండియాకు చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. జీపీఏతో ప్రతినిధి సంతకం చేయవచ్చు. అంతేగానీ జీపీఏ చేతులు మారినంత మాత్రాన ఇల్లు అమ్మినట్టు కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పన్ను సంగతీ వేరే. ఇక్కడుండేవారు రూ.50 లక్షలు, ఆపైన ధరకు అమ్మితే కొనేవారు ఒక శాతం టీడీఎస్ మినహాయిస్తారు. ప్రవాస భారతీయుడి వాటాకొచ్చేసరికి దీర్ఘకాలిక లాభంపై రేటు 12.5 శాతం, ఆపైన సెస్సు, వర్తిస్తే సర్‌చార్జి. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, లాభం మీద పడాల్సిన రేటుతో ఆయన వాటా సొమ్ము మొత్తానికీ కత్తెర పడుతుంది. మిగిలింది రిటర్ను వేసి రాబట్టుకోవాల్సిందే.

రంగులు ఆఖర్న

కాగితాలు కుదిరాక మేస్త్రీని పిలవచ్చు. గోడకు చెమ్మ ఎక్కడి నుంచి ఎక్కుతోందో చూడకుండా లప్పం పెట్టి రంగేస్తే, ఒక్క వానకే పొక్కులొస్తాయి. పైగా తెలిసిన లోపాన్ని దాచడం 55వ సెక్షన్‌కు విరుద్ధం. స్లాబు కారడం, బాత్రూము పైపులు, డ్రైనేజీ ముందు బాగుచేయించాలి. అటక మీది ఇత్తడి గుండిగలు, విరిగిన మంచాలు ఖాళీ చేస్తే గదులు గదుల్లా కనిపిస్తాయి. ఈశాన్యం తగ్గిందనో, వీధిపోటనో కొనేవారు పేచీ పెట్టినా, గోడలు పగలగొట్టే పని పెట్టుకోనక్కర్లేదు. వచ్చేవారి వాస్తు పండితుడు ఏం మార్చమంటాడో ముందే తెలియదు.

ఆషాఢంలో, మూఢంలో బేరాలు పలచబడతాయి. కొత్త ఇంటి మాట ఎత్తడానికి జనం వెనకాడతారు. అమ్మేవారికి మాత్రం అవి పనికొచ్చే రోజులే. ఈసీ, పన్ను బకాయిలు, మీటరు పేరు మార్పు, అక్కలతో మాట్లాడటం అప్పుడు ముగిస్తే, శ్రావణం రాగానే బోర్డు పెట్టొచ్చు. బయానా తీసుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి: రూ.20,000, అంతకు మించిన సొమ్మును నగదుగా పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానాగా కట్టాల్సి రావచ్చు. చెక్కో, బ్యాంకు బదిలీయో అడగాలి.