సంఖ్యల పంపకము

ఒక పెద్ద లెక్కను పెక్కు ప్రాసెసర్లు ఒకేసారి చేయు గణకయంత్రములను సమాంతర యంత్రములందుము. వీనిలో పెక్కింటియందు ప్రతి ప్రాసెసరునకును తన సొంత జ్ఞాపకశాల యుండును. పొరుగువాని సంఖ్య కావలెనన్న సందేశమంపి తెప్పించుకొనవలెను. ఒక కూడికకు పట్టు కాలముతో పోల్చినచో సందేశమునకు వందల రెట్లు పట్టును. కావున ఏ సంఖ్య ఎవరి యింట నుండవలెనన్నది చిన్న ప్రశ్న కాదు.

1000 బిందువులుగా విభజించిన ఇనుప కడ్డీలో వేడి ప్రాకు తీరును లెక్కింతమనుకొందము. ప్రతి బిందువునకును ఇరుప్రక్కల బిందువుల వేడిమి తెలియవలెను. పొలము పంచినట్లు నాలుగు ప్రాసెసర్లకు 250 చొప్పున ఖండములుగా పంచినచో, ఒక్కొక్కటి అడుగడుగునకు సరిహద్దు సంఖ్యలు రెండింటికి మించి అరువు తేనక్కరలేదు. అట్లుగాక బంతిలో గారెలు వడ్డించినట్లు ఒక్కొక్కటిగా తిరుగుచు పంచితిమా, ఏ బిందువునకును పొరుగు తన యింట దొరకదు. సుమారు 500 సంఖ్యలు బయటినుండి రావలెను.

అంతమాత్రమున వడ్డన పద్ధతి పనికిమాలినదని తీర్పు చెప్పరాదు. 1000 సమీకరణములను పంచుకొని, ఒక్కొక్క అవ్యక్తమును తొలగించుచు పోవునప్పుడు ఖండముల పద్ధతియే నష్టకరము. 250 అవ్యక్తములు తొలగగానే మొదటి ప్రాసెసరునకు పని తీరును. 750 తొలగిన పిమ్మట మూడు ప్రాసెసర్లు చేతులు కట్టుకొని కూర్చుండును. వడ్డన పద్ధతిలో నాలుగును దాదాపు చివరివరకు పాటుపడును.

1993లో తొలి నిర్దేశము వెలువడిన హై పెర్ఫార్మెన్స్ ఫోర్ట్రాన్ భాషలో ఈ నిర్ణయము మాత్రమే మనుష్యునిది. 'ఈ పట్టికను ఖండములుగా పంచుము' అని అతడొక పంక్తి వ్రాసిన చాలును. తక్కిన భారము కంపైలరుది, అనగా మన వ్రాతను యంత్రభాషలోనికి మార్చు ప్రోగ్రాముది. ఫలితము ఎవరి యింట నిలువవలెనో వారే దానిని లెక్కకట్టవలెనన్నది దాని ప్రధాన సూత్రము. అసలు నేర్పు వేరొకచోట నున్నది: కావలసిన సంఖ్యలను ఒక్కొక్క సందేశముగా గాక ఒక్క మూటగా కట్టి ముందే పంపుట.

ఆ భాష ఆశించినంత వ్యాపించలేదు. కంపైలర్లు పరిపక్వము కాకమునుపే ప్రోగ్రామర్లకు ఓర్పు నశించినది. 1994లో వెలువడిన ఎంపీఐ పద్ధతిలో సందేశములను తామే వ్రాసికొనుటకు పెక్కుమంది మొగ్గిరి. ఒక పంక్తి మార్చినంతనే వేగమేల పడిపోయినదో తెలియక తికమకపడినవారిని మేము తప్పుపట్టజాలము. అయినను జపానులోని ఎర్త్ సిమ్యులేటరుపై ఈ భాషలో వ్రాసిన ప్లాస్మా ప్రోగ్రాము సెకనుకు 14.9 లక్షల కోట్ల లెక్కలు చేసి 2002లో గార్డన్ బెల్ బహుమతి నందుకొన్నది. అందలి పంపకము మన ఇనుప కడ్డీ తీరుదే, ఖండములు.