సూది చెప్పిన కథలు

పాతబడిన చీరలను, పంచెలను మన పెద్దలు ఊరికే పారవేయరు. వాటిని పొరలుగా పరచి బొంత కుడతారు. మహారాష్ట్రలో దీనిని గోధడి అనీ, కర్ణాటకలో కౌది అనీ అంటారు. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. బీహారు రాష్ట్రంలో ఇటువంటి బొంతే స్త్రీల కష్టసుఖాలను లోకానికి చెప్పింది. దాని పేరు సుజని.

బీహారులోని ముజఫర్‌పూర్ జిల్లాలో భుసురా అనే గ్రామం ఉన్నది. ఆ ప్రాంతంలో బిడ్డ పుట్టినప్పుడు పాత బట్టల ముక్కలు కలిపి చిన్న బొంత కుట్టడం పూర్వాచారం. ఎన్నోసార్లు ఉతికిన బట్ట పసిబిడ్డ ఒంటికి మెత్తగా ఉంటుంది. అంతేకాదు, పేలికల తల్లి అయిన ‘చితిరియా మా’ దేవతకు ఆ అతుకులు ప్రీతి అని వారి నమ్మకం. బట్ట అరిగినంత మాత్రాన దాని పని తీరిపోదన్న ఎరుక ఈ ఆచారంలో ఉన్నది.

సుజని కుట్టే పద్ధతి చాలా సులువు. రెండు మూడు పొరల బట్టను ఒకదానిపై ఒకటి పరుస్తారు. బొమ్మల అంచులను నల్లని, ఎర్రని లేదా గోధుమరంగు దారంతో గొలుసుకుట్టు వేస్తారు. బొమ్మల లోపల రంగుదారాలతోనూ, మిగిలిన చోటంతా బట్టరంగు దారంతోనూ సన్నని సాదాకుట్టు నింపుతారు.

కాలక్రమాన ఈ కళ మరుగున పడసాగింది. 1988లో నిర్మలాదేవి భుసురాలో మహిళా సమితిని స్థాపించి, చుట్టుపక్కల స్త్రీలను చేరదీసి, దానికి తిరిగి ప్రాణం పోశారు. ఇంటికే పరిమితమైన సుజని అమ్మకానికి వచ్చింది. అమ్మకానికి కుట్టేవాటిలో కొత్త బట్ట కూడా వాడసాగారు. బొమ్మలూ మారాయి. పూలు, పక్షులు, చేపల సరసన కట్నపు వేధింపులు, తాగివచ్చిన భర్త చేతి దెబ్బలు, ఆడశిశువుల హత్య, బడికి వెళ్లే బాలిక, పరిసరాల రక్షణ వంటి విషయాలు చోటు చేసుకున్నాయి.

నలుగురిలో నోరు విప్పే అలవాటు లేని స్త్రీలు ఎందరో ఈ విధంగా తమ మనసులోని మాటను బట్ట మీద పెట్టారు. అక్షరం రానివారు కూడా దానిని చదవగలరు. బట్ట మీద కుట్టినంత మాత్రాన కట్నం ఆగిపోదు, నిజమే. కాని గడప లోపల దాగిన బాధ పదిమంది కంట పడింది. కుట్టిన చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. ఇంట్లో ఆమె మాటకు విలువ పెరగడానికి అదీ ఒక మెట్టే.

2006లో సుజనికి భౌగోళిక గుర్తింపు లభించింది. 2025లో నిర్మలాదేవిని భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది.

పిల్లలూ! ఈసారి మీ ఇంటి బొంత కప్పుకొన్నప్పుడు, అందులో ఏ ముక్క ఎవరి చీరదో అమ్మమ్మనో, నాయనమ్మనో అడగండి. మీ ఇంటి కథ కూడా అందులో వినిపిస్తుంది.