మాల్టా నైట్ల సంఘం: శ్రేణులు, దుస్తులు, చిహ్నాలు

మాల్టా నైట్ల సంఘం రోమన్ కాథలిక్ మతానికి చెందిన ఒక ప్రాచీన వీరసన్యాసుల సంఘం. 11వ శతాబ్దంలో ఇటలీలోని అమాల్ఫీ పట్టణపు వర్తకులు యెరూషలేములో యాత్రికుల కోసం నెలకొల్పిన ఆసుపత్రి దీనికి మూలం. 1113లో రెండవ పాస్కల్ పోపు సంఘాన్ని గుర్తించారు. తరువాతి కాలంలో సంఘం రోడ్స్ ద్వీపాన్ని, 1530 నుండి నెపోలియన్ ఆక్రమించిన 1798 వరకు మాల్టాను పరిపాలించింది. 1834 నుండి దీని కేంద్రం రోము నగరంలో ఉన్నది. స్వంత భూభాగం లేకపోయినా నూటికి పైగా దేశాలతో దౌత్య సంబంధాలు కలిగి ఉండడం విశేషం.

శ్రేణులు

సభ్యులు మూడు తరగతులుగా ఉంటారు. మొదటి తరగతివారు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు స్వీకరించినవారు. వీరిలో నైట్ల పేరుకు ముందు, సోదరుడు అనే అర్థంలో, "ఫ్రా" అని చేరుస్తారు. వీరు అతి కొద్దిమంది. రెండవ తరగతివారు విధేయతా వాగ్దానం మాత్రమే చేస్తారు. మూడవ తరగతివారు వ్రతాలు లేని సామాన్య విశ్వాసులు. సభ్యులలో అత్యధికులు వీరే. స్త్రీలను "డేమ్" అంటారు.

ఈ శ్రేణులకు వంశగౌరవంతో చాలాకాలం ముడి ఉండేది. "హానర్ అండ్ డివోషన్", "గ్రేస్ అండ్ డివోషన్" అనే శ్రేణులకు పూర్వీకుల కులీనతను రుజువు చేయవలసి ఉండేది. "మెజిస్ట్రల్ గ్రేస్" శ్రేణికి ఆ నిబంధన లేదు. సంఘాధిపతి అయిన గ్రాండ్ మాస్టర్ వ్రతధారియే కాక కులీనుడు కూడా కావలసి ఉండడంతో, పదవికి అర్హులు వేళ్ళమీద లెక్కించదగినంతమందే మిగిలారు. ఫ్రాన్సిస్ పోపుతో వివాదం అనంతరం 2017లో గ్రాండ్ మాస్టర్ మాథ్యూ ఫెస్టింగ్ రాజీనామా చేశారు. 2022 సెప్టెంబరు 3న పోపు ప్రకటించిన కొత్త రాజ్యాంగం కులీనతా నిబంధనను తొలగించి, యావజ్జీవ పదవిని పదేళ్ళకు కుదించింది. 2023 మేలో కెనడాకు చెందిన న్యాయవాది జాన్ డన్‌లప్ 81వ గ్రాండ్ మాస్టరుగా ఎన్నికయ్యారు.

దుస్తులు

సంఘపు సంప్రదాయ వస్త్రం నల్లని అంగీ, దానిపై తెల్లని సిలువ. యుద్ధంలో ఎర్రని పైవస్త్రంపై తెల్ల సిలువ ధరించడానికి 1259లో నాలుగవ అలెగ్జాండర్ పోపు నైట్లకు అనుమతినిచ్చారు. నేటికీ ప్రార్థనాలయంలో నలుపు ధరిస్తారు. ఎరుపు సైనిక దుస్తులు ఉత్సవాలకు పరిమితం. పూర్వం వస్త్రాల వ్యవహారం "డ్రేపియర్" అనే ఉన్నతాధికారి చూసేవాడు. నౌకాదళాధిపతితో సమానంగా అతడికీ సంఘ పాలకమండలిలో స్థానం ఉండేదంటే దుస్తులకు ఎంత ప్రాధాన్యత ఇచ్చేవారో గ్రహించవచ్చు.

చిహ్నాలు

నాలుగు బాణపు మొనలు మధ్యలో కలిసినట్లుండే ఎనిమిది కొనల తెల్ల సిలువ ప్రధాన చిహ్నం. ఈ కొనలు కొండమీద ప్రసంగంలో యేసు చెప్పిన ఎనిమిది ధన్యతలకు గుర్తులని వివరిస్తారు. సంఘంలోని ఎనిమిది "భాషలు", అనగా ప్రాంతీయ విభాగాలు, అని మరొక వివరణ.

పతాకాలు రెండు. ఎర్రని గుడ్డపై సాధారణ తెల్ల సిలువ ఉన్నది రాజ్యపతాకం. ఎనిమిది కొనల సిలువ ఉన్నది ఆసుపత్రుల వంటి సేవాకార్యాల పతాకం. సగం తెలుపు, సగం ఎరుపు గల మాల్టా దేశపు జెండా వేరు.

తెలుగువారికి ఈ సిలువ ఎక్కువగా ప్రథమ చికిత్స నేర్పే సెయింట్ జాన్ అంబులెన్సు గుర్తుగా పరిచయం. ఆ సంస్థ 1888లో రాజశాసనం పొందిన వేరొక బ్రిటిషు సంఘానికి చెందినది. చిహ్నానికి మాత్రం మూలం ఒక్కటే.