గుంటూరు కలెక్టరు నుంచి గవర్నరు గద్దె దాకా

పెదనందిపాడు పన్నుల నిరాకరణ అంటే పర్వతనేని వీరయ్య చౌదరి పేరు చెబుతాం. పల్నాడు పుల్లరి అంటే కన్నెగంటి హనుమంతు, మన్యం అంటే అల్లూరి సీతారామరాజు. ఈ మూడు పోరాటాల్లోనూ సర్కారు తరఫున కనిపించే అధికారి ఒక్కడే, టి.జి. రూథర్‌ఫర్డ్. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాలో జగ్గయ్య వేసిన పాత్రగానే ఆయన మనలో చాలామందికి తెలుసు. తెరమీది పాత్రకన్నా ఆయన ఉద్యోగ చరిత్ర మనకు ఎక్కువ నేర్పుతుంది. ఆయన తుపాకీ పట్టిన సేనాని కాదు, ఐ.సి.ఎస్. అధికారి. అయినా సాయుధ బలగాలను ఎక్కడ దించాలో, ఎంత గట్టిగా నొక్కాలో తేల్చే పెత్తనం అలాంటి అధికారి చేతుల్లోనే ఉండేది. అణచివేతకు విచారణకన్నా ముందే ప్రమోషన్ అందితే తర్వాతి జిల్లా ప్రజలే దాని ఫలితం అనుభవిస్తారన్నది నా వాదన. దానికి రూథర్‌ఫర్డ్ ఉద్యోగ జీవితమే సాక్ష్యం.

1921 చివర్లో, 1922 మొదట్లో ఆయన గుంటూరు కలెక్టరు. ఒంగోలు, చీరాల కూడా అప్పట్లో ఆ జిల్లాలోవే. ఇవాళ పత్తి, మిరప పండే పెదనందిపాడు ఫిర్కా నల్లరేగడి ఊళ్లలో రైతులు శిస్తు కట్టబోమన్నారు. కరణాలు, మునసబులు రాజీనామాలిచ్చారు. శిస్తు పుస్తకం తెరిచే మనిషి లేకపోతే సర్కారు ఊళ్లో అడుగుపెట్టి చేయగలిగింది జప్తే. తీరా గొడ్లను జప్తు చేసి వేలం పెడితే పాట పాడేవాడే ముందుకు రాలేదు. ఆ ఊళ్ల మీద సైన్యాన్ని కవాతు చేయించారు. చౌరీచౌరా తర్వాత గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్ని ఆపేయడంతో పెదనందిపాడు కూడా ఆగిపోయింది. పల్నాడులో కథ ఇంకా కఠినంగా నడిచింది. అడవిలో పశువులు మేపుకోవడానికి కట్టాల్సిన పుల్లరి మీద తిరుగుబాటు రేగింది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుకు వెళ్లి అక్కడే ‘మాలపల్లి’ రాశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పుల్లో హనుమంతు ప్రాణం పోయింది. ఆ తూటా కలెక్టరు పేల్చింది కాదు. కానీ జిల్లాలో సర్కారు చేతుల మీదుగా పోయిన ప్రాణానికి జిల్లా అధిపతి జవాబుదారీ కాకపోతే మరెవరు?

గుంటూరులో జరిగినదంతా పై అధికారుల కళ్లకు సమర్థతగా కనిపించింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులతో మొదలైన మన్యం తిరుగుబాటు మలబారు స్పెషల్ పోలీసుకు లొంగలేదు. అస్సాం రైఫిల్స్‌ను కూడా దించారు. 1924 ఏప్రిల్‌లో మన్యం ఏజెన్సీకి స్పెషల్ కమిషనరుగా రూథర్‌ఫర్డ్‌ను వేశారు. నెల తిరగకుండానే, మే 7న, సీతారామరాజు చనిపోయాడు. జమాదారు కంచుమేనన్ ఆయన్ని పట్టుకున్నాడు, తప్పించుకోబోతే కాల్చారు అన్నది సర్కారు మాట. మేజర్ గూడాల్ కొయ్యూరులో చెట్టుకు కట్టేసి కాల్పించాడన్నది మన్యం చెప్పే మాట.

ఇక్కడ రెండు అభ్యంతరాలు సహజంగా వస్తాయి. మొదటిది, తిరుగుబాటుదారులు కూడా ప్రాణాలు తీశారు కదా అని. తీశారు. దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. అందుకు రాజు మీద కేసు పెట్టి కోర్టులో నిలబెట్టే హక్కు సర్కారుకు ఉంది. ఆ పని చేయకుండానే ఆయన్ని చంపేశారు. రెండోది, మానవ హక్కులన్న ఇవాళ్టి కొలతతో ఆనాటి అధికారిని తూచడం అన్యాయమని. ఇందులో కొంత న్యాయముంది కాబట్టి ఆనాటి చట్టంతోనే తూద్దాం. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ మరణశిక్ష పడదగ్గ నేరగాడిని అరెస్టు చేయడానికి అవసరమైతే ప్రాణాంతకమైన బలం వాడనిచ్చింది. చిక్కిన ఖైదీని కాల్చమని మాత్రం ఎక్కడా అనలేదు. పోలీసు కస్టడీలో ఎవరైనా చనిపోతే మేజిస్ట్రేటు విచారించాలన్నది కూడా ఆ కోడ్‌లోని నియమమే. రాజు అప్పటికే చిక్కాడని సర్కారు కథే ఒప్పుకుంటోంది. తెల్లవాళ్ల చట్టం ప్రకారం చూసినా అది జవాబు చెప్పవలసిన చావే.

రూథర్‌ఫర్డ్‌కు సర్ బిరుదు వచ్చింది. 1943లో బీహారు గవర్నరయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరులో బెంగాల్ గవర్నరు హెర్బర్ట్ జబ్బుపడితే ఆ బాధ్యతను తాత్కాలికంగా ఆయనకు అప్పగించారు. అది లక్షల మంది ఆకలితో రాలిపోతున్న కరువు కాలం. ఆ కరువు ఆయన తెచ్చింది కాదు, 1944 జనవరిలో కొత్త గవర్నరు కేసీ రావడంతో ఆయన బాధ్యతా ముగిసింది. నన్ను కలవరపెట్టేది ఆయన్ని ఎంచిన తీరు. అన్నం పంచవలసిన చోటికి, శిస్తు వసూళ్లలోనూ తిరుగుబాట్ల అణచివేతలోనూ పేరు తెచ్చుకున్న మనిషిని పంపారు. జలియన్‌వాలాబాగ్ డయ్యరును హంటర్ కమిటీ ముందు నిలబెట్టారు, ఉద్యోగమూ పోయింది. అది చాలా తక్కువ శిక్ష, కానీ దేశం కళ్లెదుట ఒక ప్రశ్న అడిగారు. కొయ్యూరు విషయంలో అలాంటి కమిటీ ఏదీ కూర్చోలేదు.

2014 సెప్టెంబరులో పి.యు.సి.ఎల్. కేసులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాలన్నిటికీ స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి చేసింది. ఘటన జరిగిన వెంటనే ఆ అధికారులకు వరస తప్పించి ప్రమోషన్లు గానీ శౌర్య పతకాలు గానీ ఇవ్వకూడదని, వారి శౌర్యం అనుమానానికి తావులేకుండా రుజువయ్యాకే ఇవ్వాలని చెప్పింది. ఈసారి పేపర్లో ఎన్‌కౌంటర్ వార్త పక్కనే పతకం ప్రకటన కూడా కనిపిస్తే, విచారణ ఎంతవరకు వచ్చిందని మీ ఎమ్మెల్యేను అడగండి.