మౌస్, కీబోర్డులకు ఫోనులో వైద్యం

ఇండియాలో ఉన్న అమ్మానాన్నల డెస్క్‌టాప్‌ని ఇక్కడ బ్రిటన్ నుంచి ఫోనులో బాగుచేయడం మనలో చాలామందికి అలవాటే. "ఏది నొక్కినా రావట్లేదురా, షాపతను ఫార్మాట్ చేయాలంటున్నాడు" అనగానే నేను వరసగా నాలుగు పరీక్షలు చేయిస్తాను. తప్పు కీబోర్డుదో, వైరుదో, సెట్టింగుదో పది నిమిషాల్లో చాలావరకు తేలిపోతుంది.

మొదటిది క్యాప్స్‌లాక్ లైటు. మామూలుగా ఆ లైటును వెలిగించమని చెప్పేది కంప్యూటరే. కాబట్టి నొక్కినప్పుడల్లా వెలిగి ఆరుతోందంటే వైరు బాగుంది, కంప్యూటర్ కూడా వింటోంది. మారకపోతే ప్లగ్గును ఇంకో యూఎస్‌బీ పోర్టులో పెట్టించండి. పాత గుండ్రటి పీఎస్/2 ప్లగ్గయితే కంప్యూటర్ ఆపి, బిగించి, మళ్ళీ ఆన్ చేయాలి. వైర్‌లెస్ అయితే ముందు బ్యాటరీలు మార్చాలి.

రెండోది, విండోస్‌లోని ఆన్‌స్క్రీన్ కీబోర్డు. లాగిన్ తెర మీద కుడివైపు కింద ఉండే యాక్సెసిబిలిటీ బొమ్మ నొక్కితే దొరుకుతుంది. అసలు కీబోర్డులో ఏ కీ నొక్కితే తెర మీద ఆ కీ మెరవాలి. ఒకటి రెండు మెరవకపోతే ఆ కీలే చెడ్డాయి. అందాకా మౌస్‌తోనే పాస్‌వర్డ్ కొట్టుకోవచ్చు.

మూడోది సెట్టింగులు. కుడివైపు షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ ఆన్ చేయమంటారా అని విండోస్ అడుగుతుంది. తెలియక సరేనంటే, ఆ తర్వాత చటుక్కున నొక్కిన కీలను అది పట్టించుకోదు. ఇక భాష సంగతి. ఇండియాలో అమ్మే కీబోర్డులు ఎక్కువగా అమెరికా పద్ధతివి. వాటిని ఇక్కడి సెట్టింగుతో వాడితే షిఫ్ట్, 2 నొక్కినప్పుడు ఎట్ గుర్తు బదులు కొటేషన్ గుర్తు పడుతుంది. పాస్‌వర్డ్ చుక్కల్లో అది కనబడదు! విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే, కంప్యూటర్లో పెట్టుకున్న పద్ధతులు ఒక్కొక్కటే మారతాయి.

నాలుగోది మౌస్. కదలిక, ఎడమ, కుడి క్లిక్కులు, చక్రం విడివిడిగా చూడమనండి. ఒక ఫోల్డర్ని తెర ఈ చివరి నుంచి ఆ చివరికి లాగించండి. మధ్యలో జారిపోతున్నా, ఒక క్లిక్కు రెండుగా పడుతున్నా ఎడమ బటన్ అరిగినట్టే. అద్దం బల్ల మీద మామూలు ఆప్టికల్ మౌస్ తడబడుతుంది, కింద కాగితం వేస్తే చాలు.

అప్పటికీ తేలకపోతే పక్కింటివారి కీబోర్డు తగిలించి చూడండి. దాంతో పనిచేస్తే కొత్త కీబోర్డు కొంటే సరిపోతుంది. ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా ఫార్మాట్‌కి మాత్రం ఒప్పుకోకండి. మనవల ఫోటోలన్నీ అందులోనే ఉంటాయి మరి!